పేరు లేని పురుగు

 

నిర్వాహకులు ఫోన్ చేసి "గల్ఫ్‌లో తెలుగువాళ్ళ జీవితం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. "ఒక పురుగు గురించి మాట్లాడతాను" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత "మంచి పురుగేనా?" అని అడిగారు. మంచిదేనని హామీ ఇచ్చి వచ్చాను. కాబట్టి మీరు కూడా కాస్త ఓపిక పట్టాలి.

నేను 1997లో షార్జాకు వచ్చాను. ఎయిర్ కండిషనింగ్ పనుల్లో సూపర్‌వైజర్ని. చదివింది డిప్లొమా. జీవశాస్త్రంతో నా సంబంధం పదో తరగతితో సరి. కనుక ఇది శాస్త్రవేత్త ఉపన్యాసం కాదు, ఒక పురుగు వెంట పడ్డవాడి కథ.

మాది గూడూరు పక్కన ఒక పల్లె. నిమ్మకాయల వ్యాపారం తెలిసినవాళ్ళకు గూడూరు పేరు కొత్త కాదు. మా నాయనకు రెండెకరాల నిమ్మతోట ఉండేది. చిన్నప్పుడు బడికి పోయేముందు నాకొక పని చెప్పేవాడు. "అబ్బయా, లేత ఆకుల మీద నత్త పాకినట్టు గీత ఏమన్నా ఉందేమో చూసిరా" అని. గీత కనపడితే ఇంట్లో ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. దాన్ని ఆకుముడత అంటారు. ఆకు పైపొర కింద దూరిన చిన్న పురుగు అక్కడే తింటూ, వంకరటింకరగా వెండి దారం పరిచినట్టు దారి చేసుకుంటూ పోతుంది. ఆకు ముడుచుకుంటుంది. అంతటితో పోతే బాధ లేదు. ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు లోపలికి చొరబడుతుంది. అప్పుడిక కాయ మీద మచ్చలు, మార్కెట్లో బేరగాడి పెదవి విరుపు. మా అక్క పెళ్ళి ఒక ఏడాది వెనక్కి పోయింది ఆ మచ్చల వల్లే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. దాదాపు నలభై ఏళ్ళు ఆ పురుగుతో పోట్లాడిన మా నాయన దాని రెక్కలు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకు తెలిసింది గీత ఒక్కటే. ఆ గీత గీసినది రెక్కలొచ్చి ఎగిరిపోతుందని తెలుసు, కానీ ఎగిరేటప్పుడు అది ఎలా ఉంటుందో తెలియదు.

నాకూ తెలియదు. షార్జాలో మా ఫ్లాటు బాల్కనీలో మా ఆవిడ ఒక నిమ్మ మొక్క పెంచుతోంది. 2009లో ఒకరోజు నీళ్ళు పోస్తూ "ఏమండీ, దీని ఆకు మీద ఏందో గీత" అని పిలిచింది. చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. అరేబియా సముద్రం దాటి, నాలుగో అంతస్తు బాల్కనీలో అదే గీత! ఆ ఆకులు కోసి, పచ్చడి డబ్బా ఒకటి కడిగి, అడుగున తడి కాగితం వేసి, మూత పెట్టాను. కొన్నాళ్ళకు డబ్బా గోడ మీద ఒక తెల్లటి నలుసు కనిపించింది. మొదట దుమ్మనుకున్నాను. స్టాంపులు చూసే భూతద్దం పెడితే రెక్కలు! రెండు రెక్కలూ విప్పినా అర సెంటీమీటరు లేదు. వెండి తెలుపు, మీద సన్నటి గోధుమరంగు గీతలు, రెక్క కొసన కాటుక చుక్క, అంచంతా నెమలి ఈక కుచ్చులాగా వెంట్రుకలు.

నాకు గర్వం తలకెక్కింది. ఎడారిలో దొరికిన పురుగు కదా, దీన్ని నాకంటే ముందు ఎవరూ చూసి ఉండరనుకున్నాను. ఎమిరేట్స్‌లో ప్రకృతి పరిశీలన చేసే సంఘాలున్నాయి. అబూధాబీలో 1977లో మొదలైన ఎమిరేట్స్ నేచురల్ హిస్టరీ గ్రూపు ఉంది, దుబాయి వాళ్ళకు వేరే ఉంది. వాళ్ళ సమావేశాలకు వచ్చే ఒక ఇంగ్లీషు పెద్దాయనకు ఫొటోలు పంపి, కింద "కొత్త జాతి అని నమ్ముతున్నాను" అని రాశాను. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మర్నాడే జవాబు వచ్చింది. పెద్దమనిషి, నవ్వలేదు. దాని పేరు ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో స్టెయిన్‌టన్ అనే ఆంగ్లేయుడు మూడు భారతదేశపు బుల్లి శలభాలను వర్ణించాడు, అందులో ఇదొకటి. నమూనాలు వెళ్ళింది కలకత్తా నుంచి. అంటే సిపాయిల తిరుగుబాటుకు ఒక ఏడాది ముందే మన నిమ్మ పురుగుకు లండన్‌లో నామకరణం అయిపోయింది. అది మనలాగే బయల్దేరి దేశదేశాలు తిరిగింది. ఫ్లోరిడా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, మీ దగ్గరికి 1993లో వచ్చింది. దానికి వీసా ఇంటర్వ్యూ లేదు.

మరుసటి ఏడు సెలవుకు పోయినప్పుడు ఆ ఫొటోను పెద్దగా ప్రింటు తీయించి తీసుకుపోయాను. నాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఇదా? దీనికా నేను ఇన్నేళ్ళు మందు కొట్టింది? ఇంత సింగారంగా ఉందే ముండ" అన్నాడు. పేరు చెప్పాను. "అది మనం పెట్టిన పేరు కాదే" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను ఈ పేర్ల సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

అసలు మన భాషలో ఈ జీవికి కుదురైన పేరు లేదు. పగలు తిరిగే దానికి సీతాకోకచిలుక అని అందమైన పేరు పెట్టుకున్నాం. రాత్రి దీపం దగ్గరికి వచ్చేదాన్ని దీపపు పురుగు అంటాం, రెక్కల పురుగు అంటాం. కావ్యాల్లో శలభం. తెలుగు బైబిల్లో బట్టలు కొరికేది చిమ్మెట. మా ఊళ్ళో చిమ్మెట అంటే కీచుమని అరిచేది. మరి ప్రపంచంలో పేరు పెట్టిన ఈ రెక్కల జాతులు 2011 నాటి లెక్క ప్రకారమే లక్షా యాభై ఏడు వేల పైచిలుకు. వాటిలో సీతాకోకచిలుకలు ఇరవై వేలు కూడా ఉండవు. తక్కినవాటిలో ఎక్కువ భాగం రాత్రి వాళ్ళే. వాళ్ళలో చాలామంది మన నిమ్మ పురుగులాంటి అణుమాత్రులే.

పేరు పెట్టే పద్ధతి స్వీడన్ దేశపు లిన్నేయస్ స్థిరపరిచాడు. జంతువుల పేర్లకు 1758 నుంచి లెక్క. రెండు మాటల పేరు. ముందు వంశం పేరు, తర్వాత సొంత పేరు. ఇది చదివినప్పుడు నేను పకపకా నవ్వాను. ఇది మన పద్ధతే కదండీ! ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. అమెరికా వచ్చి మీరంతా తిరగేసుకున్నారు గానీ, పురుగులు మాత్రం ఇంకా తెలుగు సంప్రదాయమే పాటిస్తున్నాయి. ఇంకో ముచ్చట. లిన్నేయస్ చిన్న శలభాలకు గుంపును బట్టి పేరు చివర ఒక తోక తగిలించాడు. కొన్నిటికి ‘ఆనా’, కొన్నిటికి ‘ఆలిస్’, బట్టల పురుగు బంధువులకు ‘ఎల్లా’. సిట్రెల్లాలో ‘ఎల్లా’ అదే. మన అప్ప, అమ్మ, అయ్యల్లాంటిదన్నమాట.

ఈ ఇంటిపేరు గొడవ నాకు వేరే విధంగా కూడా తెలుసు. 2007లో యు.ఏ.ఈ. ప్రభుత్వం కాగితాలు సరిగా లేనివాళ్ళకు జరిమానా లేకుండా వెళ్ళిపొమ్మని క్షమాభిక్ష ప్రకటించింది. ఆ నెలల్లో శుక్రవారాలు మా తెలుగు కూలీలకు ఫారాలు నింపి పెట్టాను. ఒకాయన పేరు పాస్‌పోర్టులో ఒకరకంగా, పాత వీసా కాపీలో ఇంకోరకంగా, ఆయన నోట మూడోరకంగా ఉంది. మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, కానీ కాగితం మీద లేడు. ఆ పోలిక ఎక్కువ దూరం లాగను. మనుషుల కష్టం వేరు, పురుగు కథ వేరు. అయినా తర్వాత ఆ సంగతి నాకు పదేపదే గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు రాత్రికి వస్తాను. 2011 మార్చి. ఆ ఇంగ్లీషు పెద్దాయన "ఒకసారి మాతో వాదికి రండి" అన్నారు. వాది అంటే వానాకాలపు ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్ళే ఉంటాయి. యు.ఏ.ఈ. అంటే చాలామందికి ఇసుకా అద్దాల మేడలూ గుర్తొస్తాయి. తూర్పున ఫుజైరా వైపు హజర్ కొండలున్నాయి. దేశం దక్షిణ భాగంలోంచి కర్కట రేఖ పోతుంది. ఆ ఎండిన కొండల మడతల్లో అక్కడక్కడా నీళ్ళుంటాయి, చెట్లుంటాయి. అక్కడ సిద్ర్ అనేది మన రేగు చెట్టు బంధువు. గాఫ్ అనేది సాక్షాత్తూ మన జమ్మి చెట్టు. తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఎమిరేట్స్ జాతీయ వృక్షం ఒకటే అంటే మా కంపెనీలో ఎవరూ నమ్మలేదు.

ఆ కొండల్లోని వాది వురయ్యాను 2009లో రక్షిత ప్రాంతం చేశారు. అక్కడ అనుమతి లేకుండా ఆకు కూడా ముట్టకూడదు. మేము పోయింది అది కాదు, మసాఫీ దాటాక ఇంకో చిన్న వాది. ఒక గాఫ్ చెట్టు పక్కన రెండు కర్రలు పాతి తెల్ల దుప్పటి కట్టారు. ముందు మెర్క్యురీ లైటు, కాస్త దూరంలో జనరేటరు. చీకటి పడగానే మొదలైంది. ముందు దోమలంతవి, తర్వాత గోధుమ రంగువి, బూడిద రంగువి, కర్ర ముక్కలాగా నటించేవి, ఈకల్లాంటి రెక్కలవి. మా పల్లెలో మొదటి వాన పడ్డ రాత్రి వీధి దీపం గుర్తొచ్చింది. అర్ధరాత్రి దాటాక పెద్దాయన నా చేతికొక గాజు గొట్టం ఇచ్చి, "దుప్పటి అంచున చూడండి, పెద్దవాటిని అందరూ చూస్తారు" అన్నారు. అంచున కుట్టు దగ్గర రాగిపొడి రాలినట్టు ఒక చుక్క కూర్చుని ఉంది. ఊపిరి బిగబట్టి గొట్టం మూశాను.

అది నెప్టిక్యులిడే అనే కుటుంబం. ప్రపంచంలోకెల్లా చిన్న శలభాలు ఇందులోనే ఉన్నాయి. రెక్కలు విప్పితే కొన్ని మూడు నాలుగు మిల్లీమీటర్లు. మీసాల మొదలు వెడల్పై కంటి మీద టోపీలా కప్పుతుంది. పిల్లప్పుడు ఇవి కూడా ఆకు లోపల దారి తొలుచుకునేవే. మా నాయన శత్రువుకు దూరపు చుట్టాలనుకోండి.

ఆ రాత్రే నాకు ఆ దేశంలో జరుగుతున్న ఒక పెద్ద పని గురించి తెలిసింది. ఆంటోనియస్ వాన్ హార్టెన్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు, అంతకుముందు యెమెన్‌లో పనిచేసినవాడు, యు.ఏ.ఈ.లో దేశమంతా వలలు, లైట్లు పెట్టి కీటకాలు పోగు చేశాడు. గుడారంలాంటి వల ఒకటుంది, మాలేజ్ వల అంటారు. స్వీడన్ వాడు రెనే మాలేజ్ కనిపెట్టి 1930లలో బర్మా యాత్రలో వాడాడు. వాన్ హార్టెన్ వాటినే వాదుల్లో, తోటల్లో కట్టాడు. దొరికినవాటిని కుటుంబాలవారీగా విడదీసి దేశదేశాల నిపుణులకు పంపాడు. షేక్ తహ్నూన్ బిన్ జాయెద్ ఆదరణలో 2008 నుంచి 2017 వరకు ఆరు సంపుటాలు వచ్చాయి. ఒక్కొక్కటి ఇటుక బరువు. ఆకు తొలిచే బుల్లి శలభాల అధ్యాయం హాలెండ్‌లోని లైడెన్ మ్యూజియం వాడైన వాన్ న్యూకెర్కెన్ రాశాడు. ఆ సంపుటాలు తిరగేస్తే ‘వాన్‌హార్టెని’ అనే పేరు పదేపదే తగులుతుంది. పట్టినవాడి మీద గౌరవంతో పెట్టినవి. చివరి ‘ఇ’ అంటే లాటిన్‌లో ‘ఫలానా ఆయనది’ అని.

మీరు ఊహించే ఉంటారు. నా బుర్రలో ఏం మెరిసిందో. మా నాయన పేరు చివర అయ్య ఉంది. దానికి ఒక ‘ఇ’ తగిలిస్తే ఎలా ఉంటుందో కారులో వెనక సీట్లో కూర్చుని పెదాలు కదుపుతూ అనుకుంటూనే ఉన్నాను. పెద్దాయన అద్దంలో చూసి "ముందు అది కొత్తదో కాదో చూడనివ్వండి" అన్నారు.

కొత్తదా కాదా అని చూడడం ఎలాగో చెబుతాను. ఈ భాగం కాస్త సభామర్యాద దాటుతుంది, పెద్దలు క్షమించాలి. ఇంత చిన్నవాటిలో రెక్కల రంగు చూసి నమ్మడానికి లేదు. రంగు ఒకేలా ఉన్నా జాతులు వేరై ఉండొచ్చు. అందుకని పొట్ట భాగం విడదీసి కాస్టిక్ పొటాష్‌లో నానబెడతారు. మెత్తనిదంతా కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. వాటిలో సంతానం కోసం ఉన్న అవయవాలు తాళం, తాళంచెవిలాగా ఒక్కో జాతికి ఒక్కో రకంగా ఉంటాయి. వాటిని గాజు పలక మీద అమర్చి, సూక్ష్మదర్శిని కింద బొమ్మ గీసి, ఇదివరకు పేరు పెట్టిన వాటన్నిటితో పోల్చాలి. మగదాని భాగాలైతే తేడా తొందరగా తేలుతుంది.

పోల్చడం అంటే మళ్ళీ తంటా. ఎడ్వర్డ్ మేరిక్ అని ఇంగ్లండులో ఒక బడి మాస్టారు ఉండేవాడు. 1938లో పోయాడు. బడి పని చేసుకుంటూనే బుల్లి శలభాలకు పదివేలకు పైగా పేర్లు పెట్టాడు. మన దేశం నుంచి పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ కీటక శాస్త్రజ్ఞుడు ఫ్లెచర్ ఆయనకు నమూనాలు పంపేవాడు. ఈ ఫ్లెచర్ అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసి, దక్షిణ భారత కీటకాల మీద 1914లో పుస్తకం వేశాడు. అప్పటి మన జిల్లాలు అందులోవే కదా. మేరిక్ మాస్టారికి ఈ కోతలు, గాజు పలకలు గిట్టేవి కావు, భూతద్దమే చాలన్నాడు. దాంతో ఆయన పేరు పెట్టిన పురుగు అసలు ఏదో తేల్చాలంటే లండన్ మ్యూజియంలో ఆయన నమూనా తీసి చూడవలసిందే. నాకు ఆయన మీద కోపం లేదు. పదివేల పేర్లు! మన ఇళ్ళల్లో ఒక్క మనవడికి పేరు కుదరక ఆరు నెలలు కొట్టుకుంటాం.

అన్నీ కుదిరితే అప్పుడు వర్ణన అచ్చువేయాలి. ఒకే ఒక్క నమూనాను ఆ పేరుకు సాక్షిగా నిలబెడతారు, హోలోటైప్ అంటారు. అది ఏ మ్యూజియంలో ఉందో చెప్పాలి, ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి. ఇవి లేకపోతే పేరు చెల్లదు.

నా రాగి చుక్క యూరప్ పోయింది. ఏడాదికి కబురొచ్చింది. మూడు ముక్కల్లో చెబుతాను. అది ఆడది. తెలిసిన వాటిలో దేనితోనూ కలవలేదు. ఒక కాలు తుంచి డి.ఎన్.ఏ. చూస్తే అదీ దేనితోనూ జత పడలేదు. "అయితే కొత్తదే కదా!" అని నేను గెంతులేశాను. కాదట. జత పడలేదంటే ఆ జాబితాలో లేదని మాత్రమే అర్థం. వందేళ్ళ కింద ఇరాన్‌లోనో సింధులోనో ఎవరో పేరు పెట్టి, దాని డి.ఎన్.ఏ. ఎవరూ చూడకపోయి ఉండొచ్చు. ఒక్క ఆడదాన్ని పట్టుకుని పేరు పెట్టి, రేపు అది పాతదని తేలితే శాస్త్రంలో ఒక చెత్త పేరు మిగిలిపోతుంది. "మగది దొరికే దాకా ఆగుదాం" అన్నారు. మొదట నాకు కోపం వచ్చింది. ఒక్క నమూనాతో పేర్లు పెట్టినవాళ్ళు లేరా అని వాదించాను. ఉన్నారు, వాళ్ళు వదిలిన చిక్కుముళ్ళే ఇప్పటికీ విప్పుతున్నామని జవాబు వచ్చింది. ఆలోచిస్తే వాళ్ళదే న్యాయం.

2012లో ఫ్రెంచి పరిశోధకులు ఒక లెక్క వేశారు. ఒక కొత్త జాతి నమూనా చేతికి దొరికినప్పటి నుంచి దానికి పేరు అచ్చయ్యేదాకా సగటున 21 ఏళ్ళు పడుతుందట. అంతకాలం అది సొరుగులోనే. నా లెక్కన 2032.

నాయనకు ఇది ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయన పేరు పెట్టాలనుకుంటున్నానని నోరు జారి ముందే చెప్పేశాను మరి. ప్రతి శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఒంట్లో ఎలా ఉందని నేనడగడం, "అది సరేలే, మన పురుగుకి పేరు పెట్టారా?" అని ఆయనడగడం. "మగది దొరకాల నాయనా" అనేవాణ్ణి. "సంబంధాలు కుదరాలంటే ఆ మాత్రం టైం పడుతుందిలే" అనేవాడు. 2016లో పోయాడు. తోట అమ్మేశాం. కొన్నవాళ్ళు చెట్లు కొట్టించి ప్లాట్లు వేశారు.

పురుగు సొరుగులోనే ఉంది. మూడు మిల్లీమీటర్ల ఒళ్ళు, వెంట్రుకంత సూది, దాని కింద గోరంత కాగితం. ఆ కాగితం ఫొటో నా దగ్గరుంది. దేశం, కొండ, వాది, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, లైటుకు వచ్చిందన్న మాట, పట్టినవాడి పేరు. పట్టినవాడి పేరు దగ్గర, మా ఊరి బడిలో రాసుకున్నట్టుగా, ఇంటిపేరు ముందు రాయించుకున్నాను. జాతి పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

ఏటా మార్చిలో ఒక శుక్రవారం రాత్రి ఆ గాఫ్ చెట్టు దగ్గరికి పోతాను. 2022 నుంచి మాకు వారాంతం శని ఆదివారాలకు మారింది కాబట్టి ఇప్పుడు మర్నాడు నిద్రపోవడానికి వీలుంది. మా ఆవిడ పులిహోర కట్టిస్తుంది. ఇంగ్లీషు పెద్దాయన రిటైరై వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, లైటూ జనరేటరూ నాకిచ్చి పోయారు. మా సైటులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు తోడొస్తారు. ఒకడిది నిజామాబాదు, ఇంకొకడిది అమలాపురం. దుప్పటి అంచులు చూడమని వాళ్ళకు చెబుతాను. పోయిన మార్చిలో అమలాపురం కుర్రాడు ఒకటి పట్టాడు. రాగి రంగే. పంపించాను.

అదీ ఆడదేనట.